తవుడు నేర్పిన తన్ను

అనగనగా, ఇంటికి పాడియే పైడి అనుకునే రోజుల్లో, ఒక ఏటి ఒడ్డున మీగడపాడు అనే ఊరు ఉండేది. పేరుకు తగ్గ ఊరే. దారినపోయేవాడు మంచినీళ్ళడిగితే మజ్జిగ ఇచ్చేవారు, మజ్జిగ అడిగితే పెరుగు పోసేవారు. పెరుగే అడిగితే ఏం చేసేవారో తెలియదు, అంత ధైర్యం ఎవరూ చేయలేదు.

ఆ ఊరికి రెండు ఆచారాలుండేవి. రెండూ తాతల నాటివే.

ఒకటి అలక తవుడు. పాలు పితికేటప్పుడు గేదె గానీ ఆవు గానీ కాలు విసిరినా, బుస కొట్టినా, కొమ్ము ఆడించినా, వెంటనే దాని ముందు ఒక దోసెడు తవుడు వేయాలి. "పాపం, అలిగింది. అలక తీరిస్తే పాలు చేపుతుంది" అనేవారు. అందుకే ప్రతి కొట్టంలోనూ పాలచెంబు పక్కన ఒక తవుడు గంప ఉండేది.

రెండోది ఎర్రగుడ్డ. ఏ పశువైనా మనిషి నెత్తురు కళ్ళజూస్తే దాని కుడికొమ్ముకు ఎర్రగుడ్డ కట్టేవారు. రెండోసారి అయితే ఎడమకొమ్ముకు కట్టేవారు. మూడోసారి మాత్రం మెడకు కట్టి ఏరు దాటించేవారు. ఏటి అవతల తోళ్ళ బేరగాళ్ళ విడిది ఉండేది. అటు వెళ్ళిన పశువు తిరిగి రావడం ఎవరూ చూడలేదు.

ఈ రెండు ఆచారాలకూ ఏదైనా చుట్టరికం ఉందేమోనని ఎవరికీ అనుమానం రాలేదు. వచ్చి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఆ ఊళ్ళో పేరమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమె భర్త పేరు గురవయ్య. వాళ్ళ కొట్టంలో రెండు గేదెలు ఉండేవి. ఒకదాని పేరు బంతి, రెండోదాని పేరు కాటుక.

బంతి పరమ సాధువు. దాని మీద కాకి వాలినా తోక ఆడించేది కాదు. కానీ బుద్ధి మాత్రం బహు తక్కువ. పొద్దుగూకి మంద తిరిగి వచ్చేటప్పుడు రోజూ పక్కింటి కొట్టంలోకి వెళ్ళి నిలబడేది. పేరమ్మ రోజూ వెళ్ళి తోలుకొచ్చేది. ఎన్నేళ్ళయినా బంతికి తన ఇల్లు ఏదో తెలియలేదు.

కాటుక అలా కాదు. ఇంకా ఈనని పడ్డగా ఉన్నప్పుడే దడి గడియను మూతితో ఎత్తడం నేర్చింది. ఒకసారి వెళ్ళిన దారి మరిచేది కాదు. అడుగుల చప్పుడు విని, వచ్చేది పేరమ్మో కాదో పోల్చుకునేది. దాన్ని చూస్తే పేరమ్మకు ప్రాణం. "ఇది గేదె జన్మ ఎత్తింది గానీ, నోరుంటే నాకు బుద్ధులు చెప్పేది" అని మురిసిపోయేది.

కాటుక తొలిసారి ఈనింది. ఈనిన కొత్తలో దాని చన్ను ఒకటి పగిలి పుండయింది. పేరమ్మ చెయ్యి తగలగానే నొప్పికి కాలు విసిరింది. పేరమ్మ అయ్యో అనుకుని, చెంబు పక్కన పెట్టి, ఆచారం ప్రకారం ఒక దోసెడు తవుడు వేసింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. వెన్న రాయగా రాయగా పుండు మానిపోయింది. పుండు మానింది గానీ తన్ను మానలేదు.

రానురాను కాటుక తన్ను ఊరంతా తెలిసింది. చెంబు దగ్గర పెట్టగానే ఒక తన్ను, నురగ వచ్చేసరికి ఇంకో తన్ను. తన్నినప్పుడల్లా తవుడు పడేది. తవుడు తిన్నంతసేపు నిమ్మళంగా నిలబడేది. "చూశావా, అలక తీరింది" అనేది పేరమ్మ. పాలిచ్చే గొడ్డు తన్నినా పడాలని సరిపెట్టుకునేది.

ఒకనాడు గురవయ్య పితకడానికి కూర్చున్నాడు. కాటుక కాలు విసిరింది. తీరా చూస్తే గంపలో తవుడు లేదు.

"ఉండవే తల్లీ, తెస్తాను" అని లేవబోయాడు. అతను లేచేలోగా కాటుక మళ్ళీ తన్నింది. ఈసారి గిట్ట నేరుగా మోకాటి కింద తగిలింది. నెత్తురు కారుతుండగానే గురవయ్య కుంటుకుంటూ పోయి రెండు దోసిళ్ళ తవుడు తెచ్చి వేశాడు.

కాటుక కుడికొమ్ముకు ఎర్రగుడ్డ పడింది.

పక్కింటి చలపతి వచ్చాడు. కండగలవాడు, మాటా గట్టిదే.

"వదినా, మీరు దాన్ని గారాబం చేసి చెడగొట్టారు. దెబ్బకు దెయ్యం వదులుతుంది. ఈ పూట నేను పితుకుతాను, చూస్తూ ఉండు" అన్నాడు.

దుడ్డుకర్ర ఎత్తి రెండు వడ్డించాడు. కాటుక కర్ర వైపు చూసింది, చలపతి వైపు చూసింది, కదలకుండా నిలబడింది. చలపతి మీసం దువ్వి, కర్ర గోడకు ఆనించి, చెంబు పట్టుకుని కూర్చున్నాడు. ఎంత గొప్పవాడైనా రెండు చేతులతో పితుకుతూ మూడో చేత్తో కర్ర పట్టుకోలేడు కదా! ఆ సంగతి కాటుకకు ముందే తెలిసిపోయింది. ఒక్క తన్నుకు చెంబు ఒకవైపు, చలపతి ఒకవైపు పడ్డారు. అతని మణికట్టు చిట్లి నెత్తురు కారింది.

"అమ్మో, దీని అలక చల్లగుండ!" అని గురవయ్య కంగారుగా గంపెడు తవుడూ కాటుక ముందు గుమ్మరించాడు.

ఎడమకొమ్ముకూ ఎర్రగుడ్డ పడింది. ఇక మిగిలింది మెడ ఒక్కటే.

ఊరి చివరి ముసలమ్మ వచ్చి దిష్టి అంది. పసుపన్నం ముద్ద చేసి, కాటుక చుట్టూ తిప్పి, అది బుస కొట్టినప్పుడల్లా ఒక ముద్ద నోటికి పెట్టింది. దిష్టి పోయిందో లేదో గానీ, ఆనాటి నుంచి కాటుక వీధిలో ఏ ముసలమ్మ కనిపించినా బుస కొట్టడం మొదలుపెట్టింది. పాపం, ముసలమ్మలు ఆ వీధిన నడవడం మానుకున్నారు.

ఇక లాభం లేదని పేరమ్మ శరభయ్య అనే పశువుల వైద్యుణ్ణి పిలిపించింది. ఆయన చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగినవాడు, నాలుగు గ్రంథాలు చదివినవాడు.

"అమ్మా, కోపం ఎక్కువగా ఉన్న పశువుకు బుద్ధి తక్కువ. ఏది మంచో ఏది చెడో నేర్చుకోలేకే కొమ్మూ కాలూ ఆడిస్తుంది. నేర్చుకునే శక్తి ఎంత ఉందో చూసి మందు చెబుతాను" అన్నాడు.

ఆయన మూడు గంపలు తెప్పించి బోర్లించాడు. ఒక గంపకు సున్నం పూసి, దాని కింద తెలగపిండి పెట్టాడు. ముందు బంతిని వదిలాడు. బంతి నెమ్మదిగా వచ్చి, ఎదురుగా ఉన్న గంపను వాసన చూసి, ఆ గంపనే నమలడం మొదలుపెట్టింది. ఎన్నిసార్లు వదిలినా అంతే. చివరికి గంప అంచు సగం అయిపోయింది.

తరువాత కాటుకను వదిలాడు. మొదట ఉత్త గంపను తోసింది. ఏమీ లేదు. సున్నం గంపను తోసింది, తెలగపిండి దొరికింది. మళ్ళీ వదిలేసరికి గంపల చోట్లు మారాయి. కాటుక అటూ ఇటూ చూడకుండా సున్నం గంప దగ్గరకే పోయింది. శరభయ్య ఈసారి ఇంకో గంపకు మసి పూసి, తెలగపిండిని దాని కింద పెట్టాడు. కాటుక ఒక్కసారి తప్పు తోసి, మసి గంపను కనిపెట్టింది. ఆ తరువాత సున్నం వైపు కన్నెత్తి చూడలేదు.

శరభయ్య గంపలు ఒకదానిలో ఒకటి పెట్టి పక్కకు జరిపాడు. ఆనక నెమ్మదిగా అన్నాడు.

"నేను పొరబడ్డానమ్మా. ఇంత తొందరగా నేర్చుకునే గొడ్డును నేను చూడలేదు. దీనికి మందు లేదు, ఎందుకంటే జబ్బు లేదు. ఇది ఆ తన్నును కూడా ఎక్కడో నేర్చుకుంది. ఎవరు నేర్పారో నాకు తెలియదు. నేను వచ్చిపోయేవాణ్ణి. ఇంట్లో ఉండేదానివి నువ్వు, నువ్వే చూడాలి."

ఎవరు నేర్పుతారు? గేదెకు తన్నడం నేర్పే బడి ఎక్కడుంది? పేరమ్మ ఆ మాటే మనసులో తిప్పుకుంటూ వంట చేసింది. మధ్యాహ్నమయింది. గురవయ్య పొలం నుంచి వచ్చి పీట మీద కూర్చున్నాడు. రెండు ముద్దలు తిన్నాడో లేదో కంచం నెట్టేశాడు.

"ఏమే! ఈ పప్పులో ఉప్పుందా? ఇది అన్నమా, గడ్డా? ఎండన పడి వచ్చినవాడికి పెట్టే తిండేనా ఇది?"

పేరమ్మకు అలవాటే. ఉలిక్కిపడి ఉట్టి మీది నేతిగిన్నె అందుకుంది. వేడి అన్నం వేసి, దాని మీద నెయ్యి వంచింది. గురవయ్య ముఖం విచ్చుకుంది. కిమ్మనకుండా తినసాగాడు.

నేతిగిన్నె పట్టుకున్న చెయ్యి అలాగే నిలిచిపోయింది. పేరమ్మ ఆ చేతి వంకే చూసుకుంది.

"ఏమయ్యా, ఒకటి అడుగుతాను, నిజం చెబుతావా? నువ్వు నవ్వుతూ ఇంటికి వచ్చిన రోజు నేను నీకు నెయ్యి వేశానా?"

గురవయ్య నోట్లో ముద్దతోనే ఆలోచించాడు.

"లేదే. నవ్వుతూ వచ్చిన రోజు నువ్వు నా వంక చూడను కూడా చూడవు. ఉన్నదేదో వడ్డించి నీ పనిలో నువ్వుంటావు" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఏదో పాత సంగతి చెప్పినట్టు చెప్పాడు. అందుకే అది పేరమ్మకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆమె నేతిగిన్నె అక్కడే పెట్టి కొట్టంలోకి పోయింది. కాటుక తల ఎత్తి చూసింది. బంతి వరిగడ్డి నములుతోంది. ఇన్నేళ్ళలో బంతికి ఒక్కనాడైనా దోసెడు తవుడు వేశానా అని పేరమ్మ తనను తాను అడిగింది. వేయలేదు. ఎందుకు వేస్తుంది? బంతి తన్నదు కదా! చిట్టు కలిపిన కుడితి తాగి, పాలిచ్చి, ఊరుకుంటుంది. సాధువుకు చిట్టు, తన్నేదానికి తవుడు. అరిచేవాడికి నెయ్యి, నవ్వేవాడికి వట్టి అన్నం. ఇదీ తను నడిపిన బడి!

పేరమ్మకు ముందు నవ్వొచ్చింది, వెనకే ఏడుపొచ్చింది. కాటుక మెడ నిమురుతూ, "నీ తప్పేం లేదే. నేను చెప్పిన పాఠం నువ్వు బాగా అప్పజెప్పావు" అంది.

ఆ సాయంత్రమే కొత్త పద్ధతి మొదలుపెట్టింది. కాటుక తంతే తవుడు లేదు, కొట్టడం లేదు, తిట్టడం లేదు, లేచి పోవడమూ లేదు. కదలకుండా నిలబడితేనే తవుడు. కుదురుగా ఉన్నందుకు బంతికీ అంతే తవుడు. గురవయ్యకూ అదే మాట చెప్పింది. "అరిస్తే నెయ్యి లేదు. అడిగితే ఉంది."

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడుగుతూనే ఉన్నాను కదే ఇన్నాళ్ళూ!" అన్నాడు గురవయ్య.

"నువ్వు అడగలేదయ్యా, తన్నావు" అంది పేరమ్మ.

అనుకున్నంత సులువు కాలేదు. తవుడు రాకపోయేసరికి కాటుక ఒకటికి రెండు తన్నింది. రెండింటికీ రాకపోతే నాలుగు తన్నింది. చెంబులు సొట్టలు పోయాయి. మునుపు తన్నినదే నయమనిపించింది. ఇరుగుపొరుగు దడి మీదుగా తొంగిచూసి నవ్వారు. "అలక తవుడు వేయదట! తాతల కన్నా తెలిసినావిడ!" అన్నారు.

గేదెల మాట మనకు అర్థం కాదు గానీ, అర్థమైతే ఆ రోజుల్లో చెరువులో పడుకుని అవి ఇలా మాట్లాడుకుని ఉంటాయి.

"బంతీ, మన పేరమ్మకు మతి పోయినట్టుంది. ఎంత తన్నినా తవుడు రావడం లేదు" అంది కాటుక.

"తన్నితే తవుడు వస్తుందా?" అని బంతి ఆశ్చర్యపోయింది.

"రాక? నీకు ఇంతమాత్రం తెలియదా? నేను మెల్లగా తంతున్నట్టున్నాను. రేపు ఇంకా గట్టిగా తన్ని చూస్తాను."

"అయితే నేనూ రేపు తంతాను" అంది బంతి. కానీ రేపయ్యేసరికి మరిచిపోయింది.

ఒక పొద్దున పేరమ్మ నీళ్ళకు వెళ్ళింది. పితకడానికి కూర్చున్న గురవయ్య కాటుక తన్నులకు భయపడి ఎవరూ చూడకుండా ఒక్క దోసెడు వేశాడు. ఆ ఒక్క దోసెడుతో అయిన పని అంతా మళ్ళీ మొదటికొచ్చింది. ఆ సాయంత్రం కాటుక ముందెన్నడూ లేనంతగా తన్నింది. చెంబు అడ్డం పెట్టేలోగా గిట్ట పేరమ్మ మోచేతిని చీరేసింది. నెత్తురు చెంబులోని పాలలో పడింది.

గురవయ్య తవుడు గంప మీదికి ఉరికాడు.

"ముట్టకు!" అంది పేరమ్మ. లేవలేదు. పళ్ళు బిగబట్టి అక్కడే కూర్చుంది. కాటుక ఇంకోసారి తన్నింది. ఏమీ రాలేదు. బుస కొట్టింది. ఏమీ రాలేదు. తల తిప్పి పేరమ్మను చూసింది. చాలాసేపటికి విసుగెత్తి కాలు కింద పెట్టి ఊరికే నిలబడింది. అప్పుడు పేరమ్మ గాయం లేని చేత్తో దోసెడు తవుడు తీసి దాని ముందు వేసింది.

కాటుక తవుడు తినలేదు వెంటనే. తవుడు వంక చూసింది, తన కాళ్ళ వంక చూసింది. సున్నం గంప కాదు, మసి గంప అని తెలుసుకున్ననాడు చూసిన చూపే అది. మర్నాడు ఒక్కసారే తన్నింది. ఆ పైన రాయిలా నిలబడింది. కాటుక మారింది.

కానీ పేరమ్మ మోచేతి మీద గాయం ఉంది. మూడో నెత్తురు. గురవయ్య తప్ప చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

"కొంగు కప్పుకోవే. ఎవరికీ తెలియదు. అది ఇక తన్నదు కదా, గాయం మానిపోతుంది, కాటుక బతికిపోతుంది" అన్నాడు గురవయ్య. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పేరమ్మకూ అలా చేయాలనే ఉంది. దాచితే ఒక్క కాటుక బతుకుతుంది, నిజమే. కానీ ఊరంతా అలక తవుడు వేస్తూనే ఉంటుంది. ఇంకో ఇంట్లో ఇంకో తెలివైన గొడ్డు ఇదే పాఠం నేర్చుకుని, ఇదే ఏరు దాటుతుంది. పైగా చలపతి మణికట్టు ఇంకా కట్టుతోనే ఉంది. తన గాయం దాచుకుని అతని ముఖం ఎలా చూడటం? ఆలోచించి ఆలోచించి, కొంగు తీసి చెయ్యి కనబడేలా నడుచుకుంటూ ఊరి చావడికి పోయింది.

ఊరిపెద్ద అంకన్న ముసలివాడు, న్యాయం తప్పనివాడు. నలుగురినీ పిలిచాడు. పేరమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది.

"పెద్దయ్యా, ఇది మూడో నెత్తురు. నేను దాచను. కానీ ఈ మూడు తన్నులూ కాటుకవి కావు, నావి. తన్నినప్పుడల్లా తవుడు వేసి తన్నమని చెప్పింది నేను. గుడ్డ కట్టాలంటే నా మెడకు కట్టండి."

నలుగురూ నవ్వారు. "గొడ్డుకు గుణం పుట్టుకతో వస్తుంది గానీ, నేర్పితే వస్తుందా!" అన్నారు. మొక్కై వంగనిది మానై వంగునా అని ఒకరు సామెత కూడా వేశారు.

గురవయ్య లేచాడు. నలుగురిలో నోరు విప్పే అలవాటు అతనికి లేదు. తల గోక్కుని అన్నాడు.

"అయ్యలారా, నేర్పితే వస్తుంది. నేనూ ఆ బడిలోనే చదువుకున్నాను. ఇంట్లో అరిస్తే నెయ్యి పడేది. నాకు నెయ్యి మీద ఆశే గానీ మా ఆడదాని మీద కోపమేముంది? అరవగా అరవగా అదే నా గుణం అయింది. ఇప్పుడు అరిస్తే పడటం లేదు. మొదట్లో ఇంకా గట్టిగా అరిచాను, సిగ్గు విడిచి చెబుతున్నాను. తరువాత అడగడం నేర్చుకున్నాను. మానైన నేనే వంగాను, కాటుక నా కన్నా తెలివైనది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. చావడిలో ఉన్న ఆడవాళ్ళు కొందరు తమ తమ భర్తల వంక చూశారు. కొందరు మగవాళ్ళు తమ తమ పిల్లల వంక చూశారు.

అంకన్న గడ్డం నిమురుకున్నాడు. "కట్టుబాటు కట్టుబాటే. కానీ మళ్ళీ నెత్తురు పడకూడదనే కదా కట్టుబాటు పెట్టుకున్నది. అది మారిందో లేదో చూస్తాను. ఇంటి ఇల్లాలి చేతికి నిలబడటం గొప్ప కాదు. నేను పితుకుతాను. నన్ను తన్నిందా, ఈ పూటే ఏరు దాటుతుంది. ఇష్టమేనా పేరమ్మా?"

పేరమ్మ తల ఊపింది.

ఊరంతా ఆ కొట్టం ముందు చేరింది. అంకన్న చెంబు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కాటుక పక్కన కూర్చున్నాడు. కొత్త చెయ్యి, కొత్త వాసన, ఇంతమంది జనం. కాటుక చెవులు నిక్కబొడుచుకుంది. అంకన్న పొదుగు మీద చెయ్యి వేశాడు. కాటుక వెనక కాలు మెల్లగా పైకి లేచింది.

ఆ గిట్ట అంకన్న ముఖానికి జానెడు దూరంలో ఉంది. ముసలాయన కదలకుండానే, పెదవులతో మాత్రం, "పేరమ్మా... తవుడు... దోసెడు తవుడు వేయవమ్మా..." అన్నాడు.

జనంలోంచి చేతులు గంప మీదికి చాచుకు వచ్చాయి. దెబ్బ తిన్న చలపతి చెయ్యి కూడా వచ్చింది. తాతల నాటి అలవాటు మరి! పేరమ్మ గంపను రెండు చేతులా పొట్టకు అదుముకుంది.

"వద్దు. ఎవరూ వేయకండి. పెద్దయ్యా, మీరు కదలకండి. దానికి తెలుసు. దాన్ని ఆలోచించుకోనివ్వండి."

ఆమె చేతులు గంపను వదలలేదు.

కాటుక కాలు గాలిలో నిలిచి ఉంది. అది గంప వంక చూసింది, పేరమ్మ వంక చూసింది. తరువాత ఆ కాలు వచ్చిన దారినే మెల్లగా కిందికి దిగి నేల మీద ఆనింది. కాటుక నిలబడింది. పొదుగు చేపింది. చెంబులో పాలధార చుయ్యిమని మోగింది.

"ఇప్పుడు వేయండి" అంది పేరమ్మ. అప్పటికి ఆమె చెంపలు తడిసిపోయాయి.

చెంబు నిండింది. అంకన్న లేవలేదు. చెంబు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"కాలు ఎత్తగానే నా నోట ఏ మాట వచ్చిందో విన్నారా? ఊరికి పెద్దను, నేనే తవుడు వేయమన్నాను" అన్నాడు. ఎవరి వంకా చూడకుండా మళ్ళీ అన్నాడు. "మా ఇంట్లో చుక్క అని ఒక ఆవు ఉండేది. వాన వచ్చే ముందు దూడలన్నిటినీ తనే కొట్టంలోకి తోలుకొచ్చేది. నా కూతురు జ్వరంతో పడుకుంటే కిటికీ దగ్గర నుంచి కదిలేది కాదు. దాని మెడకు ఎర్రగుడ్డ నా చేతులతో నేనే కట్టాను. ఏట్లో దిగనంటే వెనక నుంచి నెట్టాను కూడా."

ఒక్కొక్కరికీ తమ ఇంటి నుంచి ఏరు దాటిన పశువు గుర్తొచ్చింది. ఆలోచిస్తే అన్నీ ఒక తీరువే. ఇట్టే నేర్చుకునేవి, పిలిస్తే పలికేవి, మనిషి మనసు ఎరిగినవి. అవన్నీ ఏటి అవతలికి పోయాయి. ఏమీ నేర్చుకోలేనివి మిగిలాయి. మీగడపాటి వాళ్ళు తాతల నాటి నుంచి తమ మందలోని తెలివిని దోసెళ్ళ కొద్దీ తవుడు వేసి చెడగొట్టి, ఆనక తోళ్ళ బేరగాళ్ళకు అప్పగించారు. చలపతి తల వంచుకుని ముందుకొచ్చి, కట్టు ఉన్న చేత్తోనే కాటుక వీపు నిమిరాడు. కాటుక కదల్లేదు.

ఆనాటి నుంచి మీగడపాటిలో అలక తవుడు లేదు. కుదురుగా నిలబడిన గొడ్డుకే తవుడు. ఏ పశువైనా మనిషిని గాయపరిస్తే, గుడ్డ కోసం వెతకకముందు ఊరిపెద్ద ఇంటివాళ్ళను ఒక్క ప్రశ్న అడిగేవాడు: "ఇది కోపపడినప్పుడు మీరు దానికి ఏమిచ్చారు?" ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళ్ళినవారిలో చాలామందికి, గొడ్డు దారికి రాగానే, చావడికి తిరిగి వచ్చే అవసరమే పడలేదు. ఆ తరువాత ఆ ఊరి నుంచి ఏరు దాటిన పశువు ఒక్కటీ లేదు.

పిల్లలూ, విన్నారు కదా! తెలివి గలది మంచైనా చెడైనా ఫలించినదాన్నే నేర్చుకుంటుంది. కోపానికి మేత పెట్టిన చెయ్యే ఆ కోపానికి గురువు.